చచ్చినా రంగు మారని తుంగ

ఫ్యాక్టరీ కాలనీ, తాడిపత్రి దగ్గర
14-6-2002

అక్క చౌడేశ్వరికి తిప్పేష్ నమస్కారాలు.

ఇక్కడ నేను, ఉమాదేవి, పిల్లలు బాగానే ఉన్నాం. బిందెలే ఖాళీగా ఉన్నాయి. కుళ్లాయప్ప బావను అడిగానని చెప్పు.

ఒక వింత రాస్తున్నాను, నవ్వకుండా చదువు. మా సిమెంటు ఫ్యాక్టరీకి కొత్త జి.ఎం. వచ్చాడని రాశాను కదా. ఆయన భార్య అనుపమ మేడం గెస్టుహౌసు తోటను తన చేతిలోకి తీసుకుంది. వచ్చిన వారానికే నన్ను పిలిపించి విదేశీ పుస్తకం ఒకటి తెరిచి చూపించింది. "తిప్పేష్, పూలు నాలుగు రోజుల ముచ్చట. ఆ తర్వాత ఏముంటుంది? నాకు పన్నెండు నెలలూ తోటలో రంగు కావాలి" అంది. బొమ్మల్లో అన్నీ కుచ్చులు కుచ్చులుగా గడ్డి. ఒకటి రాగి రంగు, ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం, ఇంకోటి తెల్ల చారలది. సెడ్జ్ అంటారట.

నిన్న బెంగళూరు నుంచి వ్యానులో ఆరు రకాలు, మూడు వందల కుండీలు దిగాయి. ఒక్కో కుండీకి పేరు రాసిన చీటీ, ఏ దేశానిదో కూడా రాసిన చీటీ. ఎవరూ చూడకుండా ఒక కాడ తెంపి వేళ్ల మధ్య తిప్పి చూశాను. మూడు పలకలు! అక్కా, అది తుంగ. ఎన్ని రంగులు పూసుకున్నా తుంగే. నాయన మనిద్దరికీ కళ్లు మూయించి, కాడ చేతిలో పెట్టి అడిగేవాడు గుర్తుందా, గుండ్రంగా ఉంటే గడ్డి, పలకలుంటే తుంగ అని?

ఉండబట్టలేక మేడంతో అన్నాను. "అమ్మా, మా శింగనమలలో దీన్ని పీకేదానికే మా అక్క నడుము వంగిపోయినాది." ఆమె నవ్వి, "మీది కలుపు, ఇది అలంకారం" అంది.

నేను తొమ్మిదేళ్లుగా టెంపరరీ మాలీని. ఏ నెల వద్దంటే ఆ నెల ఇల్లు ఖాళీ చేయాలి. నవంబరులో చైర్మన్ వస్తాడట. ఆ రోజు తోట రంగులతో కళకళలాడితే నా పర్మనెంటు ఫైలు మీద సంతకం పెట్టిస్తానని జి.ఎం. సార్ నోటితో అన్నాడు. నాకు కావాల్సింది ఆ సంతకం ఒక్కటే. తుంగైతేనేం, నాటుతాను.

నీ తమ్ముడు,
తిప్పేష్

*

శింగనమల
2-7-2002

తమ్ముడు తిప్పేషుకు మీ అక్క రాసేది.

నవ్వొద్దన్నావు గాబట్టి నవ్వలేదు. జాబు చదివి ఏడ్చినా. ఒరే, కొరివితో తల గోక్కునేవాళ్లను చూసినా గానీ, తుంగను వ్యాన్లో ఎక్కించి తెచ్చుకునేవాళ్లను చూల్లేదురా. మేమీడ పీకేదానికి కూలి ఇస్తాండాం, మీరాడ నాటేదానికి కూలి ఇస్తాండారు. మధ్యలో ఒక బస్సు ఏసుకుంటే సరిపోతాది కదప్పా!

నాయన ఏమనేవాడు? తుంగను పీకి పీకి సచ్చినోళ్లు ఉండారు గానీ, తుంగను సంపినోడు ఇంగా పుట్టలేదు అనేవాడు. పైన పెరికితే లాభం లేదు, కింద గడ్డ ఉంటాది, గడ్డకింద ఇంగో గడ్డ, దండ గుచ్చినట్ల. కడాకు పోయి తీయల్ల. పదేండ్లప్పుడు నేను ఒక్క గడ్డ మిగిల్చినానని ఆ పొద్దు నాకు బువ్వ పెట్టలే. నువ్వు గెనెం గట్టు మీద కూర్చోని నగినావు. ఆ పాపమే ఇప్పుడు నీకు తగులుకున్నాది.

ఈడ ఒక పదును వాన పడె. శెనిక్కాయ ఇత్తినాం. మొలక బాగుండాది. ఇంగో వాన వస్తే చాలు. మీ బావ దినమ్మూ మొగులు దిక్కు చూసి చూసి మెడ పట్టేసె.

నువ్వు మాత్రం ఆ పర్మనెంటు ఏదో తెచ్చుకో. మేడం జిల్లేడు నాటమన్నా నాటు. నువ్వు రాసేది చూస్తే పంచాయితీ నోటీసు చదివినట్ల ఉండాది, రవ్వంత మనిషి మాదిరి రాయి.

మీ అక్క,
చౌడేశ్వరి

*

ఫ్యాక్టరీ కాలనీ
20-8-2002

అక్కకు,

కొంప మునిగింది. మునిగిందో లేదో తెలియడం లేదు, అదే పెద్ద కష్టం.

రాగి రకం కుచ్చులు వంద. దిగిన రోజునే మట్టి రంగులో ఉన్నాయి. దాని అందమే అదని పుస్తకంలో ఉందట. జూలై అంతా గాలి కొట్టింది, నీకు తెలుసు మన గాలి. ఇప్పుడూ మట్టి రంగులోనే ఉన్నాయి. ఇంతకీ బతికి ఉన్నాయా, పోయాయా? ఎవర్ని అడగాలి? మొన్న ఒకదాన్ని పట్టి లాగితే వేరు బీడీ పొగాకులా పొడిపొడిగా రాలింది. ఇంకోటి లాగాను, అంతే. పన్నెండు లాగి చూశాను, పన్నెండూ పోయాయి. మళ్లీ గుంతలో నిలబెట్టి మన్ను తొక్కాను.

మరుసటి పొద్దున మేడం వచ్చింది.  ఆమె వంగి ఆ శవాల తలలు నిమిరి, "చూశావా తిప్పేష్, ఊరంతా ఎండిపోయింది, ఇవి మాత్రం చెక్కు చెదరలేదు" అంది. "అవునమ్మా" అన్నాను. ఫోటో కూడా తీసుకుంది.

ఈ తోటకు రోజుకొక ట్యాంకరు నీళ్లు. మా లేబరు కాలనీకి రెండు రోజులకొకటి. నిన్న ఉమాదేవి బిందె చంకన పెట్టుకుని కంచె దగ్గర నిలబడి నేను పైపు పట్టింది చూసింది. "సచ్చినదానికి నీళ్లు పోస్తాండావు, బతికుండేవాళ్లు యాడికి పోవాల? నీకు కండ్లు కనపడవా?" అంది, అందరూ వింటుండగానే. నాకు సిగ్గేసింది.

ట్యాంకరు డ్రైవరు ఓబుళేసుతో మాట్లాడాను. మిగతా రకాలకు సగం పోసి, చచ్చినవాటి సగం కాలనీకి మళ్లించమన్నాను. "నాకేమన్నా, స్టీరింగు యాడికి తిప్పమంటే ఆడికి తిప్పుతా" అన్నాడు. అప్పటినుంచి మేడం వచ్చే వేళకు నేను నీళ్లు రాని పైపు పట్టుకుని రాగి కుచ్చుల ముందు నిలబడుతున్నాను. "ఆకులు తడవలేదేం?" అని ఒకసారి అడిగింది. "వేరుకే పోస్తానమ్మా" అన్నాను. మెచ్చుకుంది.

బయటపడితే పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఆ సాయంత్రమే సామాను బయట ఉంటుంది. భయంగా ఉంది అక్కా.

తిప్పేష్

*

శింగనమల
18-9-2002

తిప్పేషుకు,

నీ జాబు మీ బావకు చదివి వినిపించినా. నీళ్లు రాని పైపు కాడికి వచ్చేతలికి మంచం మీద నుంచి కింద పడె. మూడు నెలలాయె ఆ మనిషి నగి. నీకు పుణ్యముంటాది.

నగింది అంతటితో సరి. రెండో వాన రాలే. పూత కాడ చేను చేనంతా మాడిపోయె. శెనిక్కాయ సచ్చింది గానీ తుంగ సావలే. దానికి వాన అక్కర లేదు, మన ఏడుపు చాలు. రెండెకరాల్లో పైన పచ్చగా తుంగ, దాని కింద నల్లగా మాడిన చెట్లు.

పంట నష్టం రాసుకునేదానికి ఒక ఆఫీసరు వచ్చినాడు. జీపు దిగలే. రోడ్డు మీద నుంచే చూసి, "పచ్చగానే ఉండాదే" అన్నాడు. "సార్, అది తుంగ సార్, పంట సచ్చింది, దిగి చూడు" అన్నా. "ఇంకా నలభై ఊర్లు ఉన్నాయమ్మా. పచ్చగా ఉంటే పచ్చగా ఉందనే రాయాలి" అన్నాడు. పంట బాగుండాదని రాసుకోని పోయినాడు! నేను జీపు వెనకాల పరిగెత్తినా. దుమ్ము తప్ప ఏమీ దొరకలే.

ఒరే, ఆడ సచ్చినదాన్ని బతికిందంటాండారు, ఈడ కూడా సచ్చినదాన్ని బతికిందంటాండారు. నీకేమో దానితో పర్మనెంటు, నాకేమో దానితో మట్టి. దేవునికి రవ్వంతన్నా బుద్ధుండాదా అని అడగాలనిపిస్తాండాది. మళ్లా వచ్చి చూడమని మీ బావ అర్జీ పెట్టినాడు.

మీ అక్క

*

ఫ్యాక్టరీ కాలనీ
10-10-2002

అక్కకు,

నీ జాబు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ ఆఫీసరును మా మేడం పక్కన నిలబెట్టాలి, ఇద్దరికీ బాగా కుదురుతుంది.

ఇక్కడ బంగారు రకం పోయింది. నీలం పోయింది. తెల్ల చారలది చారలతో సహా పోయింది. పచ్చ రకాలు రెండూ పోయాయి. సగం ట్యాంకరుకే పోయాయేమో అని నాలో నేను కుమిలాను గానీ, వాటికి నిండుగా పోసిన మూల కూడా పోయాయి. ఈ ఎండ వాటికి పడదు. మూడు వందలూ ఇప్పుడు ఒకటే రంగు. నిన్న మేడం నడుము మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. "తిప్పేష్, రాగి రకం ఇంత ఎక్కువెలా అయింది? పచ్చ రకాలు ఎక్కడ?" అంది. "చలికాలం రంగమ్మా" అన్నాను. పుస్తకం తిరగేసింది. పచ్చ రకాలు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయని అందులో ఉందట. "చైర్మన్ నవంబరు పదిహేనో తేదీ వస్తారు. ఆ లోపల పచ్చదనం తిరిగి రావాలి" అని చెప్పి వెళ్లింది.

రాత్రంతా కాదు గానీ, పగలంతా ఆలోచించాను. అక్కా, నీ చేనులో అక్కరలేని పచ్చదనం ఉంది. నాకు అదే కావాలి. బావ అర్జీ మీద ఆఫీసరు మళ్లీ వచ్చేలోపల తుంగ మొత్తం పీకేయండి. పచ్చ కనపడకపోతే పంట పోయిందని రాయక తప్పదు కదా. పీకిన తుంగ మూటలు కట్టి నాకు పంపు. నీ చేను చచ్చినట్టు కనపడాలి, నా తోట బతికినట్టు కనపడాలి. ఇద్దరికీ ఒకటే మందు.

తిప్పేష్

*

శింగనమల
27-10-2002

తమ్ముడికి,

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్ల ఉండాది నీ ఉపాయం. అయినా చేసినా.

నేను, మీ బావ, ఇంగ నలుగురు ఆడోళ్లు, ఆరు దినాలు కూర్చోని కలుపు తీసినాం. గెనెం మీద పోయేవాళ్లంతా నిలబడి చూసినారు. చెన్నప్ప అయితే బండి నిలిపి, "ఏమక్కా, పంట లేని చేనికి కలుపు తీస్తాండావు, బాగుండావా?" అని అడిగె. "పంట పోయిందని నమ్మల్లంటే చేను శుద్ధంగా ఉండల్లంటప్పా" అన్నా. ఆయప్ప ఎద్దుల్ని అదిలించుకోని పోయె.

పని మాత్రం నాయన మెచ్చుకునేట్ల చేసినాను. పైపైన పెరకలే. దోకుడుపారతో తవ్వి గడ్డతో సహా తీసినా, ఒక్కటి మిగల్చలే. మాడిన శెనిక్కాయ చెట్లు కూడా ఏరి గొడ్లకు ఏసినా, ఇంగేం చేస్తాం, వాటికన్నా కడుపు నిండల్ల కదా. ఇప్పుడు చేను మా ఇంటి ముందర అలికినట్ల ఉండాది.

ఏడు మూటలు తాడిపత్రి బస్సు టాపు మీద ఏసినా. "ఏముండాది మూటల్లో?" అన్నాడు కండక్టరు. "తుంగ" అన్నా. "మందుకా?" అన్నాడు. "తోటకు" అన్నా. నా మొగం చూసి, పాపమని టికెట్టు కొట్టలే.

గడ్డలకు గోనెపట్ట తడిపి చుట్టినా. రాంగానే నాటు. బిడ్డల్ని పంపినట్ల పంపితినిరా, థూ, తుంగను!

మీ అక్క

*

ఫ్యాక్టరీ కాలనీ
20-11-2002

అక్కకు వెయ్యి దండాలు.

గెలిచాం! చచ్చినవి రెండు వందలు తీసేసి ఆ గుంతల్లో మన తుంగ పెట్టాను. ట్యాంకరు నీళ్లకు మూడో రోజే నిగనిగలాడింది. చీటీలు మాత్రం పాతవే ఉంచాను. చైర్మన్ వచ్చాడు, తోట మధ్యలో ఆగాడు. పచ్చ తుంగ, రాగి శవాలు, పచ్చ తుంగ, రాగి శవాలు, వరసగా. ఏ మాటకామాటే, చూడ్డానికి బాగుంది అక్కా.

"ఇది ఏ దేశానిది?" అని అడిగాడు. మేడం వంగి చీటీ చదివి "జపాను" అంది. ఆయన తలాడించి, "వాళ్ల మొక్కల్లో కూడా క్రమశిక్షణ ఉంటుంది" అన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. కుళ్లాయప్ప బావ చేతి తుంగకు జపాను క్రమశిక్షణ వచ్చింది.

ఫైలు పైకి పంపానని జి.ఎం. సార్ చెప్పాడు. ఉమాదేవి పలుగురాళ్ల స్వామికి టెంకాయ మొక్కుకుంది. ఇక్కడ రెండు రోజులు వరసగా వాన పడింది. ఈ ఏడుపు వాన రెండు నెలల ముందు పడకూడదా? మీ దగ్గర పడిందా? ఆఫీసరు వచ్చాడా? వెంటనే రాయి.

తిప్పేష్

*

శింగనమల
2-12-2002

తిప్పేషుకు,

కార్డు మీద రాస్తాండా, ఎక్కువ రాసేదానికి మనసు లేదు. ఆఫీసరు వచ్చినాడు. ఈ తూరి జీపు దిగినాడు, చేన్లో నడిచినాడు. "ఇక్కడ పంట పోయిన గుర్తు కూడా లేదే, గడ్డిపరక కూడా లేదు. మీరసలు విత్తనమే వేయలేదు" అన్నాడు. బీడు అని రాసుకోని పోయినాడు. పక్క చేన్లో తుంగ మధ్యలో మాడిన చెట్లు కనపడె, వాళ్లకు నష్టం రాసినాడు.

నీ మాట విన్నందుకు నాకు బాగా అయింది. నీ పర్మనెంటు వస్తే సంతోషమే.

చౌడేశ్వరి

*

ఫ్యాక్టరీ కాలనీ
23-2-2003

అక్కకు,

రెండున్నర నెలలు నీకు జాబు రాయడానికి మొహం చెల్లలేదు. నాలుగు సార్లు మొదలుపెట్టి చించేశాను. నా తెలివి వల్ల నీ నోటికాడ కూడు పోయింది. తప్పు నాది. తిట్టాలనుంటే తిట్టు, ఉత్త పేరు మాత్రం పెట్టి రాయకు, అక్క అని రాయి. ఆ కార్డు కింద "చౌడేశ్వరి" అని చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడ జరిగింది చెబుతాను. నా ఫైలు జనవరిలో తిరిగొచ్చింది. కొత్తగా ఎవర్నీ పర్మనెంటు చేసేది లేదని దాని మీద రాశారు. అంతే. తొమ్మిదేళ్లు ఒక్క గీతతో పోయాయి.

ఆ వానకు నీ తుంగ లేచింది. గుంతలు దాటింది, పచ్చిక మీద పడింది, గులాబీల నడుమ లేచింది, షటిల్ ఆడే సిమెంటు గచ్చు పగుళ్లలోంచి కూడా తల పెట్టింది. మేడం మొదట "జపానుది బాగా వస్తోంది" అని మురిసింది. సంక్రాంతి అయ్యేసరికి రాగి కుచ్చులు కనపడలేదు, దారి కూడా కనపడలేదు. ఇంటి గడప దగ్గర మొలిచిన రోజు కేక పెట్టింది.

జి.ఎం. సార్ పిలిపించాడు. "ఎవరు నాటారు ఇది?" అన్నాడు. ఇంక దాచడానికి ఏముంది? "నేనే సార్. మా అక్క చేన్లోది. మీ మొక్కలు అక్టోబరుకే అన్నీ సచ్చిపోయినాయి" అన్నాను. మేడం కుర్చీలో కూర్చుంది. "మరి నేను రోజూ చూసినవి?" అంది. "అవి సచ్చినవేనమ్మా" అన్నాను.  తర్వాత మెల్లగా, "రంగు మాత్రం బాగుండేది" అంది. నాకు ఆమె మీద జాలేసింది.

సార్‌కు మాత్రం జాలి వేయలేదు. "నువ్వు పెట్టిన దరిద్రం నువ్వే తీసి పో" అని అప్పటికప్పుడు ఆర్డరు టైపు చేయించి సంతకం పెట్టాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను చూడు: "గెస్టుహౌసు తోటలో తుంగ సమూలంగా నిర్మూలన అయ్యేంత వరకు తిప్పేష్‌ను విధుల్లో కొనసాగించవలెను. నిర్మూలన అయిన మరుసటి రోజున తొలగించవలెను."

నేను ఏడుస్తూ బయటికి వచ్చాను. ఓబుళేసు కాగితం తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ట్యాంకరు మెట్టు మీద కూలబడి పడీ పడీ నవ్వాడు. "అన్నా, తుంగ ఎప్పుడన్నా పోతాదా? నీకు సచ్చేదాకా ఉద్యోగం రాసిచ్చినాడు కదన్నా!"

అప్పుడు అర్థమైంది అక్కా. ఉమాదేవి ఆ ఆర్డరును దేవుని పటాల పక్కన అంటించింది.

ఇంకో సంగతి. తుంగ చావాలంటే ఏం చేయాలని సార్ అడిగితే, మడి కట్టి నీళ్లలో ముంచితే గడ్డ కుళ్లుతుందని నాయన చెప్పే మాట చెప్పాను. అది నిజమే కదా. రోజుకు రెండు ట్యాంకర్లు రాశాడు. ఓబుళేసు ఒకటి తోటకు, ఒకటి లేబరు కాలనీకి తిప్పుతున్నాడు. ఒక్క ట్యాంకరుకు మడి మునగదు, గడ్డ కుళ్లదు. ఇప్పుడు మా వీధిలో బిందెలు నిండుగా ఉన్నాయి. దేవుడి దగ్గర ఏం జవాబు చెప్పాలో నేను చెప్పుకుంటాను.

కలుపు తీయడానికి ఆరుగురు ఆడవాళ్లను పెట్టుకోమన్నారు, ఏడాది పొడుగునా పని. నీకంటే బాగా తుంగ తీసేవాళ్లు ఈ జిల్లాలో లేరు. నువ్వు, బావ వచ్చేయండి. మళ్లీ వాన పడి ఇత్తే రోజు వస్తే వెళ్లిపోండి. నా మీద కోపం ఉంటే వచ్చి ఇక్కడే కొట్టు.

నీ తమ్ముడు,
తిప్పేష్

*

శింగనమల
5-3-2003

ఒరే తిప్పేశా,

అక్కనే రాస్తాండాలే, ఏడ్వొద్దు. కోపం ఉండె. నీ జాబు సగం చదివేదాకా ఉండె. ఆర్డరు కాడికి వచ్చేతలికి నగు ఆపుకోలేకపోతి. మీ బావ మళ్లా మంచం మీద నుంచి పడె, ఈ తూరి నడుము పట్టుకున్నాది, అందుకే నాలుగు దినాలు ఆలస్యంగా వస్తాం.

మీ మేడాన్ని ఏమీ అనొద్దు. ఎండినదాన్ని చూసి అందంగుండాదని అన్న మనిషి ఈ జిల్లాలో ఆయమ్మ ఒక్కతే.

నా చేన్లో మళ్లా తుంగ మొలిచిందా అని అడుగుతావేమో. లేదురా. రెండు వానలు పడె ఈడ కూడా, పక్క చేన్లన్నీ పచ్చగా ఉండాయి. నా చేనొక్కటే బోడిగా ఉండాది. నాయన చెప్పినట్ల అన్ని గడ్డలూ తీసినా కదా. ఆ బోడి చేను చూస్తే కడుపు మండుతాది. తుంగ లేదని ఏడ్చినదాన్ని నన్నొక్కదాన్నే చూస్తావు నువ్వు.

వచ్చే బేస్తవారం మొదటి బస్సుకు వస్తాం. దోకుడుపార ఇంట్లోనే పెట్టి వస్తాండా, ఆడ అక్కర లేదు. తక్కిన ఐదు మందికి నువ్వే ముందుగా చెప్పిపెట్టు, చేత్తోనే తీయల్ల, పైపైన తీయల్ల, ఆకు తెగితే చాలు. గడ్డ తీసిందాన్ని ఆ పొద్దే పంపించేస్తానని చెప్పు. బువ్వ కూడా పెట్టనని చెప్పు. నా చేన్లో ఒక్క గడ్డ మిగల్చకుండా తీసి ఏమైపోతినో చూసినా. మీ తోటలో ఆ తప్పు చేయను.

మీ అక్క